కవచం మానేసిన ఆడవాళ్ళు

ఫిబ్రవరి, రెండో వారం

మంచుగొయ్యికి వెళ్ళవలసిన బండి ఈరోజు సగం దారిలో ఆగిపోయింది. బండికి ఏమీ కాలేదు. చక్రాలు బాగున్నాయి, బ్యాటరీ నిండుగా ఉంది, దారిలో కొత్త రాళ్ళేమీ పడలేదు. ఆగిపోయింది డ్రైవరు. డ్రైవరు పేరు పైడితల్లి, అనగా నేను. బండి ఆగితే కారణం రాయాలని రూలు కాబట్టి రాస్తున్నాను. నెలసరి నొప్పి.

ఈ బండి డైరీని ప్రతి వారం మా సూపరింటెండెంటు తాతబ్బాయి గారు చదివి సంతకం పెడతారు. గోదావరి మనిషి, మర్యాదస్తుడు. ఆడవాళ్ళ సంగతి ఏదైనా చెవిన పడితే ఆయనకు వెంటనే దగ్గు వస్తుంది. సార్, ఈ పేజీ మీరు దగ్గుకుంటూనే చదవాలి. పక్కన మంచినీళ్ళు పెట్టుకోండి. అయితే ఈ వారం నీళ్ళు కొంచెం తక్కువే, ఎందుకంటే మంచు తెచ్చే బండి సగం దారిలో ఆగిపోయింది.

నొప్పి ఇంట్లో వస్తే మనిషి ముడుచుకుని పడుకుంటుంది, కడుపు మీద చెయ్యి పెట్టుకుంటుంది. చంద్రుడి మీద సూటు వేసుకున్న మనిషికి ఆ రెండూ కుదరవు. సూటు వంగదు. చెయ్యి ఒంటికి తగలదు. ఎవరో లోపలినుంచి పేగులు పట్టుకుని తాడు పేనుతున్నట్టుంటే నేను కొయ్యబొమ్మలా నిటారుగా కూర్చుని, సూటు వేడి పూర్తిగా పెంచుకున్నాను. బయట రాయి కూడా పగిలే చలి. లోపల నడుము కింద నేను ఉడుకుతున్నాను. కళ్ళు బైర్లు కమ్మాయి. గొయ్యి అంచు ఇంకా దూరంగా ఉండగానే బండి వెనక్కి తిప్పాను.

నా వంతు మంచు రెండో డ్రైవరు సింహాచలం తెచ్చాడు. అతను ఎంత జాగ్రత్తగా నడుపుతాడంటే చక్రం ముందు గులకరాయి కనిపిస్తే దానికి దారి ఇచ్చి, అది వెళ్ళేదాకా చూస్తాడు. నేల కింద సొరంగాల్లో ఉన్న మా శీతలపేటలో రెండువందల మందిమి. అందరం ఆ గొయ్యిలోని మంచు కరిగించుకునే తాగుతాం, కడుక్కుంటాం, ఊపిరి కూడా దాన్లోంచే తీసుకుంటాం. కాబట్టి ఆ గులకరాళ్ళ మీద నాకు కోపంగా ఉంది.

ఫిబ్రవరి, మూడో వారం

సూపరింటెండెంటు గారు డైరీ చదివారు. నన్ను పిలిచి, గోడ మీది గాలిమీటరు వైపు చూస్తూ, బహుశా గ్యాసేమో అన్నారు. చంద్రుడి మీద ఒంటి బరువు తక్కువ కాబట్టి కడుపులో గాలి సరిగ్గా కదలదనీ, ఆయనకు కూడా అప్పుడప్పుడూ అలా అవుతుందనీ చెప్పారు. నేను గ్యాసు కాదన్నాను. ఆయన దగ్గారు.

సాయంత్రానికి భోజనశాలలో శనగపప్పు నిషేధించారు.

ఆ భోజనశాల నడిపేది మా ఆయన జోగినాయుడు. మేమిద్దరం విజయనగరం వైపు వాళ్ళం, మేనత్త మేనమామ పిల్లలం. అతను పెంపకం గదిలో గోంగూర పండిస్తాడు, గోంగూరతోనే మాట్లాడతాడు. తన పప్పు మీద నింద పడేసరికి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఊరంతటికీ ఉప్పులేని సొరకాయ వండిపెట్టాడు. తినేవాళ్ళంతా నన్ను అదోలా చూశారు. వాళ్ళ వడలు ఆగిపోయింది నా వల్లేనని ఎవరూ పైకి అనలేదు. అనకుండానే బాగా తెలియజేశారు.

సోమవారం అందరితో పాటు వరసలో నిలబడి కవచం సూది వేయించుకున్నాను. మాకు నెత్తిన గాలి దుప్పటి లేదు. సూర్యుడి నుంచీ చుక్కల నుంచీ వచ్చే రేడియేషన్ నేరుగా ఒంట్లోకి దిగుతుంది. ముందు పాడయ్యేది పేగుల లోపలి పొర. అక్కడి కణాలు దెబ్బ తినగానే తమంతట తామే చచ్చిపోతాయి. అలా ఊరికే చచ్చిపోకండి, తట్టుకోండి అని కణాలకు చెప్పే మందు కవచం. అది వేయించుకోని వాళ్ళకు బయటి తలుపు తెరుచుకోదు.

మార్చి, రెండో వారం

పప్పు లేకుండానే నొప్పి వచ్చింది. జోగినాయుడు వంటగది తలుపు మీద "శనగపప్పు నిర్దోషి" అని రాసి అంటించాడు. ఊరంతా ఊపిరి పీల్చుకుంది.

నాకు మాత్రం ఊపిరి అందలేదు. నెలనెలకూ ఎక్కువవుతోంది. ఇప్పుడు నెలసరి రోజుల్లోనే కాదు, విరేచనానికి కూర్చున్నా నొప్పి, నడుములో నొప్పి, తొడలోకి దిగే నొప్పి. ఇంకో సందర్భంలో కూడా. దాని గురించి జోగినాయుడికి తెలుసు, సార్, మీకు అనవసరం.

డాక్టర్ మెర్సీ రత్నం గారి దగ్గరకు వెళ్ళాను. ఆవిడది బాపట్ల. ఊరికి ఒక్కతే డాక్టరు, నిజానికి విరిగిన ఎముకలు, కాలిన గాయాలు చూసే మనిషి. గర్భసంచి తన పని కాదని ముందే చెప్పి, అయినా గంటసేపు స్కాన్ తీసింది. తీస్తున్నంతసేపూ మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు. చివర మాత్రం నిట్టూర్చింది.

దీని పేరు ఎండోమెట్రియోసిస్ అంది. నెలనెలా గర్భసంచి లోపలి పొర ఊడి బయటకు పోతుంది కదా, దాన్లో కొంచెం వెనక్కి, గొట్టాల మీదుగా కడుపులోకి జారుతుందట. చాలామంది ఆడవాళ్ళకు జారుతుంది. అయినా ఏమీ కాదు. తమ చోటు వదిలిన కణాలు తమంతట తామే చచ్చిపోవాలి, ఊడ్చే కణాలు వచ్చి వాటిని తినేయాలి. అది ఒంటి పద్ధతి. కొందరికి ఆ పద్ధతి తప్పుతుంది. దారితప్పిన కణాలు చావవు. ఎక్కడ పడితే అక్కడ పాతుకుని, నెల రాగానే గర్భసంచిలో ఉన్నామనుకుని అక్కడే రక్తం కారుస్తాయి. ఆ రక్తానికి బయటకు పోయే దారి లేదు. చుట్టూ వాచి, ఒకదానికొకటి అతుక్కుంటాయి.

నా గర్భసంచి వెనక, పేగు మీద మచ్చలున్నాయి. ఎడమ అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తి ఉంది. దాన్ని చాక్లెట్ సిస్ట్ అంటారట.

ఇంటికొచ్చి జోగినాయుడికి అంతా చెప్పాను. పెళ్ళయిపోయి పందిరి పీకేసినా ఇంటికెళ్ళని చుట్టాలన్నమాట అన్నాడు. తర్వాత చాలాసేపు ఆలోచించి, రోగాలకు తిండి పేర్లు పెట్టిన వాళ్ళెవరో తెలిస్తే వాళ్ళకు నెల రోజులు సొరకాయే పెడతానన్నాడు. అతను ఇలాంటి మాటలు ఎక్కువైతే భయపడ్డాడని అర్థం. మాకు పిల్లలు కావాలని ఉంది. ఎడమ అండాశయం మాట చెప్పినప్పుడు అతను గిన్నె తోముతున్నాడు, తోమిన గిన్నెనే మళ్ళీ తోమాడు.

మార్చి, చివరి వారం

భూమ్మీద ఉన్నప్పుడు నొప్పి ఇంతలా ఉండేదా అని డాక్టరమ్మ అడిగింది. లేదు. అందరికీ ఉన్నంతే ఉండేది. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది తర్వాతే పెరిగింది. ఆవిడ నా ఫైలు మూసి, ఊళ్ళోని ఆడవాళ్ళందరినీ ఒక్కొక్కరిగా పిలవడం మొదలుపెట్టింది.

గాలి ప్లాంటులో పనిచేసే వరహాలు నా ఈడుదే, నా పక్క గదిలోనే ఉంటుంది. నెలకోసారి తలనొప్పని సెలవు పెట్టేది. బట్టలుతికే గదిలో నన్ను ఆపి, తలనొప్పి తలలో కాదని చెప్పింది. తర్వాత సొరంగాలు తవ్వే వాళ్ళలో ఇద్దరు చెప్పారు. బడి టీచరు చెప్పింది. మా అందరి గోడలూ పక్కపక్కనే ఉన్నాయి. అటువైపు ఒకరు, ఇటువైపు ఒకరు, తలగడ కరుచుకుని పడుకున్నాం. నోరు విప్పితే పైకి వెళ్ళే పాసు తీసేస్తారని ఎవరి భయం వాళ్ళది.

డాక్టరమ్మ అనుమానం కవచం మీద. పేగుల్లో కణాలకు చావొద్దని చెప్పే మందు ఒళ్ళంతా తిరుగుతుంది. కడుపులోకి జారిన కణాలు కూడా ఆ మాట విన్నాయి. నెలసరి లేని మగవాళ్ళ మీద ముందు పరీక్షించిన మందు కాబట్టి ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. వాళ్ళలో ఎవరికీ గర్భసంచి దొరక్కపోవడం వాళ్ళ తప్పు కాదని ఆవిడ చాలా శాంతంగా చెప్పింది. అంత శాంతంగా మాట్లాడుతుంటే నాకు భయం వేసింది.

ఏప్రిల్, మొదటి వారం

నొప్పి ఉన్న ఆడవాళ్ళందరూ కవచం ఆపేయాలని డాక్టరమ్మ రాసిచ్చింది. కవచం లేకపోతే పైకి వెళ్ళకూడదు. పైకి వెళ్ళకపోతే మంచు తెచ్చేది సింహాచలం ఒక్కడే. ట్యాంకు అప్పటికే సగానికి దిగింది.

తాతబ్బాయి గారు నన్ను ఆఫీసుకు పిలిచారు. ఆయన చెడ్డవారు కాదు. టీ కూడా తెప్పించారు, చక్కెర ఎక్కువ వేయించి. కప్పులో స్పూను తిప్పుతూనే ఉన్నారు.

"పైడమ్మా, ఊరందరి నీళ్ళండీ. ట్యాంకు నిండేదాకా ఓ రెండు నెలలు ఓపిక పడతావేమోనని."

"ఓపిక మూడేళ్ళు పట్టీసినానండి. ఉన్నదంతా అయిపోనాది."

ఆయన స్పూను ఆపారు. దగ్గుతారనుకున్నాను, దగ్గలేదు. చాలా నొప్పా అని అడిగారు. అవునన్నాను. ఎలా ఉంటుందని అడిగారు. ఇన్నేళ్ళలో ఒక మగాడు కూర్చుని నన్ను ఆ మాట అడగడం అదే మొదలు, జోగినాయుడు కాక. చెప్పాను. తాడు సంగతీ, సూటులో ఉడకడం సంగతీ, విరేచనం సంగతీ, ఏదీ మినహాయించకుండా. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గాని కదలకుండా మొత్తం విన్నారు.

తర్వాత లేచి, గోడకున్న నా బండి తాళం తీసి జేబులో వేసుకున్నారు. శీతలపేట మూడు సొరంగాల ఊరుగా ఉన్నప్పుడు ఆయనే డ్రైవరట. ఇప్పుడు అరవై దాటాయి. సూటు పొట్ట దగ్గర పట్టలేదు. పెద్ద సైజుది వెతికి తెచ్చారు.

డైరీ మాత్రం నన్నే రాయమన్నారు. నడపడం వచ్చు, రాయడం రాదట. కాబట్టి సార్, ఇకనుంచి మీ డ్రైవింగు గురించి నేను రాస్తాను, మీరు చదివి సంతకం పెడతారు.

ఏప్రిల్, మూడో వారం

సూపరింటెండెంటు గారి డ్రైవింగు గురించి. బండి ముందుకు వెళ్తుంది. అన్నిసార్లూ తిన్నగా కాదు.

మంగళవారం గొయ్యి అంచు మీద వెనక చక్రం జారి, బండి పక్కకు ఒరిగిపోయింది. కింద ఎన్నడూ ఎండ పడని చీకటి. నేను రేడియో గదిలో ఉన్నాను, అదే రోజు నాకు నెల మొదలైంది. ఆయన గొంతులో ఊపిరి ఎగబీలుస్తున్న చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. నేను బల్ల అంచు పట్టుకుని, బ్రేకు ఒక్కసారిగా వదలవద్దని, స్టీరింగు గొయ్యి వైపే తిప్పమని చెప్పాను. అక్కడి బూడిద జారే తీరు అది, పైకి తిప్పితే ఇంకా జారుతుంది. గొయ్యి వైపు తిప్పమంటే ఎవరికైనా గుండె ఆగుతుంది. ఆయన మారు మాట్లాడకుండా తిప్పారు. చక్రానికి పట్టు దొరికింది. బండి మెల్లగా అడ్డం తిరిగి రాతి మీదికి ఎక్కింది.

లోపలికి వచ్చాక సూటు విప్పి నేరుగా రేడియో గదికి వచ్చారు. చెమటతో తడిసి ఉన్నారు. నేను కుర్చీలో రెండుగా ముడుచుకుని ఉన్నాను. ఆయన తన తువ్వాలు వేడినీళ్ళలో ముంచి, పిండి, నా చేతికిచ్చి, గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఆ వారం ఆయనకు రావలసిన స్నానం నీళ్ళు అవి.

మే, రెండో వారం

నేను ఇప్పుడు వంటగదిలో జోగినాయుడి కింద పనిచేస్తున్నాను. ఇంట్లో ఇంత మెతకగా ఉండే మనిషి ఇక్కడ పెద్ద దొర. ఉల్లిపాయ నేను తరిగితే ముక్కలు బండరాళ్ళలా ఉన్నాయని, మంచు పగలగొట్టే అలవాటు మానుకోమని అందరి ముందూ అన్నాడు. ఆరోజు అతని కంచంలోకి ఆ రాళ్ళే ఏరి వడ్డించాను.

కవచం ఆపి నెల దాటినా నొప్పి తగ్గలేదు. వరహాలుకు కొంచెం తగ్గింది, తవ్వకం వాళ్ళలో ఒకామెకు బాగా తగ్గింది. నాకు లేదు. తిత్తి ఇంకా పెరిగింది. డాక్టరమ్మ మళ్ళీ కూర్చోబెట్టి చెప్పింది. ముందు కవచం మాట విని బతికిన కణాలు, పాతుకున్నాక తమ కవచం తామే తయారుచేసుకున్నాయట. చావమని చెప్పే పదార్థం వాటిలో తగ్గిపోయింది, చావొద్దని చెప్పేది పెరిగిపోయింది. భూమ్మీద ఏ మందూ వేసుకోని ఆడవాళ్ళలో కూడా ఇదే జరుగుతుందట. ఇక్కడ తొందరగా జరిగింది.

భూమి నుంచి ఆవిడ ఒక మందు తెప్పించింది. దారితప్పిన కణాలకు చావమని గట్టిగా చెప్పే మందు. రేపు మొదటి డోసు.

మే, చివరి వారం

మందు పనిచేసింది. కణాలు చచ్చాయి. నేనూ వాటి వెంట వెళ్తానేమోననుకున్నాను.

రెండో రోజే జ్వరం వచ్చింది. కడుపు పలకలా గట్టిపడింది. ఇదివరకు నొప్పి అన్నదంతా ముచ్చట్లు, ఇది నొప్పి. జోగినాయుడు నా పక్కనే నేల మీద కూర్చుని, వంటగదిలో ఏమేం వండారో, ఎవరెవరు ఏమేం మాడ్చారో చెబుతూనే ఉన్నాడు. మాటలు ఆపితే నేను జారిపోతానన్నట్టు చెప్పాడు. ఒకసారి కళ్ళు తెరిస్తే అతను పప్పులో పోపు గురించి చెబుతూ ఏడుస్తున్నాడు.

ఈ వారం బండి గురించి ఏమీ తెలియదు. సింహాచలాన్ని అడగండి.

జూన్, మొదటి వారం

జ్వరం దిగాక డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది. మొహం పీక్కుపోయి ఉంది. తప్పు తనదే అని మొదలుపెట్టింది. కణం చావడంలో రెండు తీరులున్నాయట. ఒక తీరులో అది చిన్నగా ముడుచుకుని, తన సామాను తానే మూటలు కట్టుకుంటుంది, ఊడ్చే కణాలు వచ్చి చప్పుడు లేకుండా తీసుకెళ్తాయి. ఇంకో తీరులో అది పగిలిపోతుంది. లోపలున్నదంతా చుట్టుపక్కల చిమ్ముతుంది, అంతా వాచి మండుతుంది. నా తిత్తిలో పాత రక్తం ఉంది. రక్తమంటే ఇనుము. ఆ ఇనుము మధ్య మందు గట్టిగా తగిలేసరికి కణాలు పగిలిపోయాయి. ఆ మంట ఇంకా సాగి ఉంటే పక్కనే ఉన్న అండాలు కూడా పోయేవట.

"చావాలని మాత్రమే చూశానమ్మాయ్. ఎలా చావాలో చూడలేదు" అంది.

ఇప్పుడు రెండు దారులన్నది. ఒకటి, గర్భసంచి, అండాశయాలు తీసేయడం. అప్పుడు కూడా పేగు మీది మచ్చలు పూర్తిగా పోతాయని హామీ లేదు గాని నొప్పి చాలా తగ్గుతుంది. త్వరగా బండి ఎక్కొచ్చు. రెండోది, తిత్తి మాత్రం తీసి, ఆ పాత రక్తమంతా కడిగేసి, ఆ తర్వాత మెత్తని మందు చిన్న చిన్న డోసుల్లో ఇవ్వడం. నెలలు పడుతుంది. పనిచేయకపోవచ్చు.

ఆరోజు నేనూ జోగినాయుడూ పెంపకం గదిలో గోంగూర మళ్ళ మధ్య కూర్చున్నాం. తనకేం కావాలో చెప్పమన్నాను.

"నీ కడుపది. నాను సెప్పకూడదు."

"అడిగినాను కదా మావా. సెప్పు."

"పిల్లలుంటే బాగుంతాది. నేకపోతే ఇద్దరమే ఉంతాం. నాలుగిడ్డెన్లు తినీసి ఇంకోటి ఎట్టమని తిట్టే మనిషి కావాల నాకు. ఆ మనిషి కనపడి సానా రోజులైపోనాది."

అతని భుజం మీద తల పెట్టుకుని, ఆకులు కదిలించే ఫ్యాను చప్పుడు వింటూ చాలాసేపు ఉన్నాను. డాక్టరమ్మకు రెండో దారి అని చెప్పాను. పిల్లల కోసం కొంత. ఒళ్ళు నాదే కాబట్టి అందులోంచి ఏది ఎప్పుడు పోవాలో నేనే తేల్చుకోవాలని, ముందు ఉంచుకోవడానికి ఒకసారి ప్రయత్నించి చూడాలని మిగతా.

జూన్, చివరి వారం

ఆపరేషన్ అయింది. భూమ్మీద విశాఖ నుంచి ఒక పెద్ద డాక్టరమ్మ తెర మీద చూస్తూ చెప్పింది, కోసింది మాత్రం మెర్సీ రత్నం గారే. అక్కడి మాట ఇక్కడికి చేరడానికి ఒక ఊపిరంత ఆలస్యం. అందుకని ఆ ఊపిరంతసేపూ కత్తి గాలిలో ఆపి ఎదురుచూస్తూ పని పూర్తి చేసిందట. ఎడమ అండాశయం చాలావరకు మిగిలింది.

అంత జాగ్రత్తగా నడిపేవాళ్ళు ఇంకొకరున్నారని సింహాచలానికి చెబితే సంతోషించాడు.

ఆగస్టు, రెండో వారం

మెత్తని మందు మొదలై చాలా రోజులైంది. ఏమీ తెలియడం లేదు. జ్వరం లేదు, మంట లేదు. పోయినసారి అంత గోల చేసిన కణాలు ఈసారి ఏం చేస్తున్నాయో అర్థం కాక, పనిచేస్తోందా లేదా అని రోజూ వెళ్ళి డాక్టరమ్మ ప్రాణం తీశాను. భరించలేక ఆవిడ నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

ఆపరేషన్‌లో తీసిన నా కణాలు కొన్నిటిని ఆవిడ గాజు పళ్ళెంలో బతికించి ఉంచింది. ఈసారి ప్రతి డోసూ ముందు వాటి మీద వేసి, అవి చచ్చే తీరు చూసి, ఆ తర్వాతే నాకిచ్చింది. తెర మీద ఒక కణం కనిపించింది. పాకుడు పట్టినట్టు బాగా పరుచుకుని ఉంది. చూస్తుండగా అంచులు లోపలికి లాక్కుంది. గుండ్రంగా అయింది. ఒంటి మీద బుడిపెలు లేచాయి. తర్వాత చిన్న చిన్న మూటలుగా విడిపోయింది. పక్కనుంచి పెద్ద కణమొకటి, ఊడ్చేది, నింపాదిగా వచ్చి ఒక్కో మూటనూ లోపలికి తీసుకుంది. అది ఉన్న చోటు శుభ్రంగా మిగిలింది.

మూడేళ్ళు నన్ను కాల్చుకు తిన్నది అదే. మందు బలవంతం చేస్తే పగిలిపోయింది గాని, సరిగ్గా చెబితే దానికీ వెళ్ళడం తెలుసు. డాక్టరమ్మ టీ తెచ్చిచ్చింది. ఇద్దరం ఇంకో రెండు కణాలు చచ్చిపోవడం చూస్తూ తాగాం. బయటివాళ్ళెవరైనా చూస్తే మమ్మల్ని ఏమనుకునేవాళ్ళో.

తర్వాత స్కాన్ తీసింది. పేగు మీది మచ్చలు చిన్నవయ్యాయి. రెండు కనిపించడమే లేదు. కింద మూత్రనాళం దగ్గర ఒకటి మాత్రం అలాగే ఉంది.

సెప్టెంబరు, మూడో వారం

కవచం తయారుచేసే వాళ్ళతో డాక్టరమ్మ నాలుగు నెలలుగా పోట్లాడుతోంది. మొదట్లో వాళ్ళు ఆడవాళ్ళను పైకి పంపడం మానేయమని సలహా ఇచ్చారు. ఆ ఉత్తరానికి జవాబు తాతబ్బాయి గారు రాశారు. రాయడం రాదన్న మనిషి. అందులో మంచు దారి గురించి, గొయ్యి అంచు గురించి, తనను రేడియోలో బతికించిన డ్రైవరు గురించి రాశారట. ఆ డ్రైవరు అప్పుడు ఏ నొప్పితో ఉందో ఒక్క మాట దాచకుండా, అసలు పేర్లతో రాశారట. డాక్టరమ్మ చదివి వినిపించింది. సార్, మీ అక్షరదోషాలు నేను దిద్దను. అలాగే బాగున్నాయి.

ఇప్పుడు సూదికి బదులు మాత్ర వచ్చింది. అది పేగుల్లోనే కరిగి, అక్కడే ఉండి, అక్కడి కణాలకు మాత్రమే చెబుతుంది. ఒళ్ళంతా తిరగదు. దాని బలం తక్కువ కాబట్టి పైన ఉండే సమయం తగ్గించాలి. మంచు బండ్లకు ముగ్గురు డ్రైవర్లు కావాలి. వరహాలు నేర్చుకుంటానంది. ఆమెకు గాలి ప్లాంటులో నాలుగు గోడలు చూసి విసుగు పుట్టిందట.

డాక్టరమ్మ నాకు ముందే చెప్పింది. ఇది నయమైందని రాయకు, తగ్గిందని రాయి అని. మూత్రనాళం దగ్గరిది మందుకు కదలడం లేదు. కోస్తే నాళానికి ప్రమాదం. పెరగకుండా చూస్తూ ఉండాలి. అది ఎన్నాళ్ళుంటుందని అడిగాను. నాతో పాటే ఉండొచ్చు అంది. తగ్గింది అని రాస్తున్నాను.

అక్టోబరు, మొదటి వారం

ఈరోజు బండి మంచుగొయ్యికి వెళ్ళి, నిండుగా మంచు తీసుకుని వచ్చింది. డ్రైవరు పైడితల్లి. పక్కన నేర్చుకునే మనిషి వరహాలు.

పొద్దున జోగినాయుడు తలుపుగది దాకా వచ్చాడు. సూటు గొళ్ళాలు తానే పెట్టాడు, పెట్టినవి మళ్ళీ లాగి చూశాడు. ఏమైనా చెప్పాలా అని అడిగితే, గొయ్యిలో కాస్త నల్లమంచు ఉంటే పట్టుకురమ్మన్నాడు. నల్లమంచు అనేది లేదు. ఏదో ఒకటి అనాలని అన్నాడు.

పైన సూర్యుడు నేల అంచున ఎప్పటిలాగే వాలి ఉన్నాడు. నీడలు మైళ్ళ పొడవున పడి ఉన్నాయి. ఆరు నెలల తర్వాత చక్రం నా చేతుల్లో ఉంది. బూడిదలో మా పాత జాడల మీద తాతబ్బాయి గారి వంకర జాడలు, వాటి పక్కన సింహాచలం గీత గీసినట్టున్న జాడలు. ఎవరెవరు ఎక్కడ భయపడ్డారో చదువుకుంటూ వెళ్ళాను.

సగం దారి దాటాక నాకు నెల మొదలైంది. తెలిసిపోయింది. నడుములో బరువు, కింద ఒక లాగుడు. చేతులు వాటంతట అవే చక్రాన్ని గట్టిగా పట్టుకున్నాయి. ఇప్పుడు మెలితిరుగుతుంది, ఇప్పుడు తాడు పేనుతుంది అని కాచుకున్నాను. వెనక్కి తిప్పడానికి వీలైన చోటు ఎంత దూరమో లెక్కవేశాను. వరహాలు నా వైపు తిరిగింది. హెల్మెట్ అద్దంలో ఆమె మొహం నాకు కనబడలేదు గాని రేడియోలో గొంతు బెదిరినట్టుంది.

"అక్కా, వచ్చిందా?"

"వచ్చింది."

"నొప్పిగా ఉందా?"

లోపల వెతికి చూసుకున్నాను. ఎడమవైపు కింద, ఆ ఒక్కటి ఉన్న చోట, సన్నగా ఉంది.

"ఉంది. కాని దారి చూడనిస్తోంది."

గొయ్యి అంచు వచ్చింది. బ్రేకు మీద కాలు పెట్టి, దీపాలు వెలిగించి, స్టీరింగు చీకటి వైపు ఎలా తిప్పాలో వరహాలుకు చూపించాను.